మడ్డి సమీక్ష

మున్సిపాలిటీలో రెండే రకాల మనుషులుంటారని జనం నమ్మకం. ఏసీ గదిలో కూర్చుని సంతకాలు పెట్టే కమిషనరు ఒకరు, ఎండలో చీపురు పట్టుకు తిరిగే కార్మికుడు ఇంకొకరు. ఈ ఇద్దరి మధ్యా మేం కొందరం ఉంటాం. పేపరువాళ్లు మమ్మల్ని 'సంబంధిత అధికారులు' అని రాస్తారు. అదీ పని జరగనప్పుడే. పని జరిగితే మాకు ఆ పేరు కూడా ఉండదు.

నా పేరు త్రిమూర్తులు. చింతలంక మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ని. నా పైన కమిషనరు, నా కింద మేస్త్రీ, అతని కింద కార్మికులు. "ఇంతకీ మీరు చేసే పనేంటండీ?" అని మా ఆవిడ పెళ్లయిన కొత్తలో అడిగింది. ఇప్పటికీ అడుగుతూనే ఉంది. పై మాట కిందికీ, కింది మాట పైకీ చేరవేస్తానే అంటే, "ఆ మాత్రం దానికి ఫోనుందిగా" అంటుంది. పిచ్చి మొహం! ఉన్నమాట ఉన్నట్టు చేరవేస్తే ఊళ్లో ఒక్క కొంపైనా నిలుస్తుందా?

మా ఆఫీసు గేటు పక్కన గంగరత్నం పునుగుల బండి ఉంది. ఆవిడ మొగుడు తాపీ పనికి వెళ్లి పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచి ఆ ఇల్లూ, ఇద్దరు ఆడపిల్లల చదువూ ఆ బాండీలో నూనె మీదే నడుస్తున్నాయి. బండి గేటు దగ్గరుంటేనే బేరం. మున్సిపాలిటీకి పనిమీద వచ్చినవాడు ఎలాగూ సాయంత్రం దాకా నిలబడాలి. నిలబడ్డవాడికి ఆకలేస్తుంది. అదే బండిని నాలుగు బారల అవతల పెడితే ఈగలు తోలుకోవడమే.

కొత్తగా వచ్చిన ప్రతి కమిషనరూ మొదటివారంలోనే కిటికీలోంచి ఆ బండిని చూస్తారు. "ఏంటయ్యా ఈ దరిద్రం? రేపటికల్లా ఇది ఇక్కడ కనపడకూడదు!" అంటారు. చిత్తం అని నేను గేటు దగ్గరికి వెళ్తాను. "ఏమ్మా రత్నం, కొత్తాయనకి పొగ పడదట. కారు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ బండి కాస్త పక్కసందులోకి నెట్టుకో తల్లీ" అంటాను.

"ఆయన కారు పొగ మాటేంటండీ మరి? ముందు నా బండి కింద కంపు కొడతన్న కాలవ సంగతి చూడమనండి మీ కమిషనరు బాబుని!" అంటుంది గంగరత్నం.

మళ్లీ పైకి వెళ్తాను. "చెప్పాను సార్. చాలా మర్యాదగా విన్నది. వీలైతే కాలవ సంగతి తమ దృష్టిలో పెట్టమంది" అంటాను. తర్వాత ఆయన గది కిటికీకి ఏదో ఒక స్వచ్ఛత పోస్టరు అడ్డంగా అంటించేస్తాను. కనపడకూడదన్నారు, కనపడదు. ఉండాలని ఆవిడ అనుకుంది, ఉంటుంది. దీన్ని మేం వడకట్టడం అంటాం. ఎంతమంది కమిషనర్లు మారినా గేటు దగ్గర బండి మారలేదంటే అది నా చలవే. ఈ సంగతి గంగరత్నానికి తెలియదు. తెలిస్తే వడకట్టినట్టు ఎలా అవుతుంది?

ఇలా ఉండగా మా కమిషనరు ధీరజ్ గారు ఎక్కడో కొండ మీది చల్లటి ఊళ్లో శిక్షణ పొంది వచ్చారు. కుర్రాయన. మంచివాడు, లంచం ముట్టడు. చిక్కంతా అక్కడే వచ్చింది. తినే ఆఫీసరుకి ఉత్సాహం ఒక్క చోటే ఉంటుంది, ఈయనకి అన్ని చోట్లా ఉంటుంది.

వచ్చిన మర్నాడే సమావేశం. తెర మీద మూడు బొమ్మలు వేయించారు. పైన తల, కింద చేతులు, నడుమ పెద్ద పొట్ట. పొట్ట మీద ఎర్రటి అడ్డగీత.

"పరిపాలనా జాప్యానికి మూలకారణం మధ్యస్థ పొర!" అని మొదలుపెట్టారు. "నాయకత్వ స్థాయికీ క్షేత్రస్థాయికీ నడుమ సమాచార ప్రవాహానికి అవరోధంగా పరిణమించిన ఈ పొరను దశలవారీగా, అనగా ఇవాళ్టి నుంచే, తొలగించి ప్రత్యక్ష పాలనకు శ్రీకారం చుడుతున్నాం."

అందరం చప్పట్లు కొట్టాం. ఆ పొర మేమేనని చప్పట్లు కొట్టాక తెలిసింది.

మా మేనేజరు సత్యవాణి గారు లేచి నిలబడ్డారు. ఆవిడ ఫైళ్ల మధ్యే జుట్టు నెరిసిన మనిషి, ఏ ఉత్తర్వు వచ్చినా రెప్ప వాల్చదు. "అయితే మేం ఎక్కడ కూర్చోమంటారు సార్?"

"మీ జీతభత్యాలు యథాతథం. పాత జనన మరణాల విభాగం గదిలో ఆసీనులు కండి. మీ బాధ్యత అల్లా ఒక్కటే, జోక్యం చేసుకోకపోవడం. మూడు నెలల్లో మీ లోటు ఎవరికీ తెలియని పక్షంలో మిమ్మల్ని మిగులు సిబ్బందిగా ప్రకటిస్తాం."

"ఎవరికైనా తెలిస్తే?"

"అది మీ జోక్యంగా పరిగణించబడుతుంది."

తర్వాత నా వైపు తిరిగారు. "త్రిమూర్తులు గారూ, ఆ గేటు ముందు బండి గురించి మీకెన్నిసార్లు చెప్పాను? కనపడటం మానేసింది గానీ సాయంత్రమయ్యేసరికి ఉల్లిపాయ వాసన వస్తూనే ఉంది. ఇక ఆ అంశాన్ని నేనే ప్రత్యక్షంగా చూసుకుంటాను."

నా సీటు పోతే ఇంకో సీటు ఇస్తారు, గవర్నమెంటు ఉద్యోగం. ఆ బండి పోతే గంగరత్నానికి ఇంకో బండి ఎవడిస్తాడు?

ప్రత్యక్ష పాలన తొలిరోజు కమిషనరు గారు మేస్త్రీ నూకరాజుని పిలిపించుకున్నారు. ఉద్యోగంలో చేరాక నూకరాజు ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. చెప్పులు బయట విడిచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని వెళ్లాడు.

"చూడండి నూకరాజు గారూ. రేపు ఉదయం పదకొండుకల్లా గేటు ముందు జాగా ఖాళీ అయిపోవాలి. చిన్నా పెద్దా చూడొద్దు. ఎవరిదని అడగొద్దు. ఏదుంటే అది డంపింగ్ యార్డుకి తరలించండి. ఎవరినీ సంప్రదించనక్కర్లేదు."

"ఆయ్" అన్నాడు నూకరాజు.

నూకరాజు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. అందులో తప్పు పట్టడానికి లేదు. చెప్పిందాంట్లో ఎంత చెయ్యాలో చూసుకోవడం నా వంతు పని, ఆ వంతే ఎత్తేశారాయె.

మర్నాడు ట్రాక్టరు వచ్చింది. మొదట గంగరత్నం బండి ఎక్కించారు, బాండీతో సహా. తర్వాత బెంచీ. తర్వాత మొన్ననే కమిషనరు గారు కొబ్బరికాయ కొట్టి పెట్టించిన పూలకుండీలు. 'ఇచట చెత్త వేయరాదు' అనే బోర్డు పీకి ఎక్కించారు. చింతలంక పురపాలక సంఘం అన్న నామఫలకం కూడా గేటు ముందే ఉంది కనుక దాన్నీ ఎక్కించారు. ఇక మిగిలింది కమిషనరు గారి కారు. దానికి మోకు కట్టడం చూసి డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు.

"ఒరే, ఇది ఎవరి కారనుకున్నావురా!"

"ఎవరిదని అడగొద్దన్నారు. నేను అడగలేదు, నువ్వు చెప్పకు" అన్నాడు నూకరాజు.

నేను జనన మరణాల గది కిటికీ ఊచలు పట్టుకుని ఇదంతా చూస్తున్నాను. గంగరత్నం ట్రాక్టరు వెనక కొంగు దోపుకుని పరుగెడుతోంది. గుమ్మం వైపు వెళ్లబోతుంటే సత్యవాణి గారు చీర అంచు సర్దుకుంటూ, "కూర్చోండి త్రిమూర్తులు గారూ, జోక్యమవుతుంది" అన్నారు. ఆవిడ గొంతులో కూడా బాధే ఉంది.

ఇదివరకైతే కమిషనరు గారి మీద కోపమొచ్చిన మనిషి ముందు మా బల్లల చుట్టూ తిరగాలి. ఒక బల్ల దగ్గర కూర్చోబెడతాం, ఇంకో బల్ల దగ్గర మంచినీళ్లిస్తాం, మూడో బల్ల దగ్గర వాళ్లమ్మాయి చదువు గురించి అడుగుతాం. పైకి చేరేసరికి కోపం వినతిపత్రమైపోతుంది. ఇప్పుడు బల్లలన్నీ ఖాళీ. గంగరత్నం ట్రాక్టరు అందక వెనక్కి తిరిగి, తిన్నగా కమిషనరు గారి గదిలోకే వెళ్లింది.

"ఏవండీ కమిషనరు గారూ! నా బండి మీకేం అడ్డవొచ్చిందండీ? సాయంత్రమైతే మీ ఆఫీసోళ్లంతా నా కాడే గదండీ తింటా! మీరు సంతకాలు పెట్టకుండా నానబెడతన్నారు గాబట్టేగా జనాలు నా కాడ నిలబడి తింటన్నారు! ఏ రోజు పని ఆ రోజు చేసెయ్యండి, నా బండి నేనే ఎత్తేసుకుంటాను!"

"అమ్మా, మీ అభిప్రాయాన్ని ప్రజా స్పందనగా నమోదు చేసుకుంటున్నాం" అన్నారు కమిషనరు గారు.

"నమోదెవడిక్కావాలండీ, బండి తెప్పించండి!"

కమిషనరు గారి గదిలోకి ఎవరైనా వెళ్లొచ్చట అన్న వార్త మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. ఇక చూడాలి తమాషా! పక్కింటి కొబ్బరిమట్టలు తమ డాబా మీద పడుతున్నాయని ఒక రిటైరు మేష్టారు మట్టతో సహా వచ్చారు. కుళాయిలో వచ్చిన వానపామును సీసాలో పట్టుకొచ్చిందొకావిడ. కార్మికులు సరేసరి. కాలవలోంచి తీసిన పూడిక కుడిపక్క వెయ్యమంటారా ఎడంపక్క వెయ్యమంటారా అని ఒకడు, చచ్చిన పంది రెండు వార్డుల మధ్య పడుంది, తల ఉన్న వార్డుదా, తోక ఉన్న వార్డుదా అని ఇంకొకడు ఆయనకే ఫోను. అన్నిటికీ ఆయనే జవాబు చెప్పాలి, ప్రత్యక్ష పాలన కదా. చివరికి నూకరాజు కూడా చనువు తీసుకుని, "మీకు ఊరి సంగతులు తెలవ్వండి, కుర్రోరు" అనేశాడు.

ఆ వారం ఆఖర్న, మేం జనన మరణాల గదిలో అష్టాచెమ్మా ఆడుకుంటున్నాం. గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి చింతపిక్కలు వేస్తున్నారు సత్యవాణి గారు. పెరటి తలుపు తోసుకుని కమిషనరు గారు లోపలికి వచ్చారు. క్రాఫు చెదిరిపోయింది, భోజనం చేసిన మొహంలా లేదు.

"ఇక్కడికి... ఎవరూ రారా?" అన్నారు.

"రారు సార్. ఇక్కడున్నది పుట్టినవాళ్లూ, పోయినవాళ్లూ, మేమూ" అన్నారు సత్యవాణి గారు.

ఆయన ఒక పాత మరణాల రిజిష్టర్ల దొంతర మీద కూలబడ్డారు. "త్రిమూర్తులు గారూ, నిజం చెప్పండి. ఇన్నేళ్లుగా మీరంతా అసలు ఏం చేసేవారు? ఈ జనం అప్పుడూ ఉన్నారు. నేనూ ఉన్నాను. అప్పుడు నాకు ఈ తలనొప్పి లేదే!" అన్నారు.

నా పని ఏమిటని నన్ను మర్యాదగా అడిగిన మొదటి మనిషి ఆయనే. నాకు ఛాతీ ఉప్పొంగిపోయింది. అక్కడే నోరు మూసుకుని ఉంటే ఎంత బావుండేది! పై మాట ఎలా పలచన చేస్తామో, కింది మాటలో కారం ఎలా తీస్తామో, ఏ మాట ఎక్కడ ఆపేస్తామో పూసగుచ్చినట్టు చెప్పాను. సత్యవాణి గారు నా కాలు తొక్కుతూనే ఉన్నారు. ఉదాహరణలు చెప్పమన్నప్పుడు మాత్రం నాలిక కరుచుకున్నాను.

ఆయన కళ్లలోకి మళ్లీ ఉత్సాహం వచ్చింది. నాకు భయం వేసింది.

"అంటే మీరు ఫిల్టరు బెడ్లు! పురపాలక సమాచార వ్యవస్థకు ఫిల్టరు బెడ్లు!" అని లేచి నిలబడ్డారు.

సోమవారానికల్లా మా బల్లలు మాకు వచ్చేశాయి. నా హోదా మాత్రం 'ఊర్ధ్వాధః సమాచార వడపోత అధికారి' అయింది. తీసుకుపోయినవన్నీ తిరిగి తెమ్మని నూకరాజుకి చెప్పారు, అతను అన్నీ తెచ్చాడు. కారూ వచ్చింది, దాంతోపాటే బండీ వచ్చింది. గంగరత్నం బాండీ తోముకుంటూ ఆనందం పట్టలేక ఏడ్చింది. కమిషనరు గారు మాత్రం వాసన పట్టేశారు. "మళ్లీ వచ్చిందా అది? సరే, ఇప్పుడు మీరున్నారుగా. పద్ధతి ప్రకారం తీయించేయండి" అన్నారు. చిత్తం అన్నాను. బండి పక్కసందులోకి వెళ్లడం, రావడం, అంతా మామూలే.

కథ ఇక్కడితో అయిపోతే మాది మున్సిపాలిటీ ఎందుకవుతుంది? ఆ గురువారం ఒక ఉత్తర్వు వచ్చింది. "వడపోత సాధనము యొక్క పనితీరును అందు నిలిచిన మడ్డిని బట్టి మాత్రమే నిర్ధారించుటకు వీలగును గావున, మధ్యస్థ అధికారులు తాము ఆ వారమున పైనుండి గానీ క్రిందినుండి గానీ వచ్చిన వాటిలో నిలిపివేసిన విషయములను ప్రతి శనివారము సమీక్షా సమావేశమున నోటిమాటగా సమర్పించవలెను. మడ్డి శూన్యముగా గల అధికారులు మిగులు సిబ్బందిగా పరిగణించబడుదురు."

మొదటి శనివారం ముందుగా నీళ్ల సెక్షను ఇంజనీరు లేచాడు. "సార్, వాటర్ ట్యాంకు మీద తమ నిలువెత్తు బొమ్మ వేయించమన్నారు. నేను ఆపాను."

"కారణం?"

"తర్వాత తమరే సిగ్గుపడతారని సార్."

"అద్భుతం! వడపోత అంటే ఇదీ!" అని కమిషనరు గారు ప్రశంసాపత్రం ఇచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం. "అయితే ఇప్పుడది నా దృష్టికి వచ్చింది. వచ్చాక పెండింగులో ఉంచడం పద్ధతి కాదు. వేయించేయండి" అన్నారు. సోమవారానికి ట్యాంకు మీద బొమ్మ లేచింది.

తర్వాత సత్యవాణి గారు. "సిబ్బంది తమర్ని చాటుగా శిక్షణబాబు అంటారు సార్. అది తమదాకా రానివ్వలేదు." ఆవిడకీ ప్రశంసాపత్రం. ఆ తర్వాత ఎవరెవరన్నారో చెప్పమన్నారు. సాయంత్రానికి ఆఫీసంతటికీ మెమోలు. ప్రశంసాపత్రం పట్టుకుని బయటికొచ్చిన సత్యవాణి గారితో ఆ రోజు ఒక్కరూ మాట్లాడలేదు.

అంటే ఏమైంది? ఆపినవన్నీ మళ్లీ వదిలినట్టయింది. టీ వడకట్టి, ఆ పిప్పిని మళ్లీ గ్లాసులోనే పోసి తాగమన్నట్టుంది వ్యవహారం. తెలివైనవాళ్లు కొందరు లేని ఫిర్యాదులు పుట్టించి, వాటిని ఆపామని చెప్పుకున్నారు. నాకు ఆ విద్య రాదు. నా దగ్గర నిలిచిన మడ్డి ఒక్కటే. అది గేటు దగ్గర పునుగులు వేస్తోంది.

రెండో శనివారం సమావేశానికి వెళ్తుంటే గంగరత్నం కేకేసి నా చేతిలో బెల్లంముక్క పెట్టింది. "పెద్దదానికి నర్సింగులో సీటొచ్చిందండి! కాకినాడ. హాస్టలు గట్రా అన్నీ నేనే సూసుకోవాలి" అంది. మొహం వెలిగిపోతోంది. ఆ బెల్లంముక్క చేతిలోనే పట్టుకుని మెట్లెక్కాను.

"త్రిమూర్తులు గారూ!" అన్నారు కమిషనరు గారు నా వంతు రాగానే. "ఈ వ్యవస్థకు మూలపురుషులు మీరు. మీ మడ్డి కోసం సభ యావత్తూ ఎదురుచూస్తోంది."

లేచి నిలబడ్డాను. బండి ఆపానంటే ప్రశంసాపత్రం వస్తుంది, సోమవారం ట్రాక్టరు వస్తుంది. ఏమీ ఆపలేదంటే నేను మిగులు. సత్యవాణి గారు తల దించుకున్నారు.

"ఏమీ లేదు సార్."

"ఏమీ?"

"పైనుంచి వచ్చిందంతా ఉన్నదున్నట్టు కిందికి వెళ్లిపోయింది సార్. నా దగ్గరేమీ నిలవలేదు."

"మరి ఆ బండి?"

"తమరు చెప్పిన రోజే తీయించేశాను సార్."

"వాసన వస్తోందే?"

"అది పాత వాసన సార్. గోడలకి పట్టేసింది."

ఆయన గోడల వైపు చూశారు. ఆ సమావేశ మందిరానికి గేటు వైపు కిటికీ లేదు. తర్వాత నా వైపు ఎంతో బాధగా చూశారు. "అంటే నా ఆదేశాన్ని ఒక్క ప్రశ్నైనా వేయకుండా అమలు చేసేశారా? పాపం, ఆవిడ నిరుపేదరాలని కూడా ఆలోచించలేదా? మీరైనా కాస్త ఆపుతారనుకున్నానే!"

నాకు ఏడుపో నవ్వో తెలియనిదేదో వచ్చింది.

"పై ఆదేశమును ఏమాత్రం జాప్యము లేకుండా అమలుపరచిన కారణంగా ఈ అధికారి మధ్యస్థ బాధ్యతలకు అనర్హుడని నిర్ధారించడమైనది" అని ఆయన చెబుతుంటే గుమాస్తా రాసుకున్నాడు. నన్ను డంపింగ్ యార్డు ఇన్‌ఛార్జిగా వేశారు. అక్కడ పై మాటా రాదు, కింది మాటా లేదు, కాకులు తప్ప.

బయటికి వచ్చాక సత్యవాణి గారు నా పక్కనే నడిచారు. "ఆ వాసన పాతదేనని నేనూ చెబుతుంటాను లెండి. మీరు దిగులు పెట్టుకోకండి" అన్నారు. ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించి పెట్టేశాను.

గేటు దగ్గర గంగరత్నం అప్పుడే పొయ్యి వెలిగిస్తోంది. కబురు నాకన్నా ముందే అక్కడికి చేరింది.

"ఏవండీ ఇన్‌స్పెక్టరు గారూ, మిమ్మల్ని యార్డుకేసేశారంటగా? పనేం చెయ్యట్లేదని తేలిందంటగా?"

"అవునమ్మా."

"మరి తేలదేంటండీ! ఏమనుకోకండి గానీ, ఇన్నాళ్లూ మిమ్మల్ని చూత్తన్నాను. పైకెళ్తారు, కిందకొత్తారు. నా బండి కోసం ఏనాడైనా ఓ మాట సాయం చేశారా? నేను గాబట్టి తిన్నగా ఆయన గదిలోకెళ్లి దులిపేశాను. దాంతో చచ్చినట్టు తెచ్చిచ్చారు. పెద్దాఫీసరైనా మంచోరే పాపం, ఆ తర్వాత బండి జోలికే రాలేదు!"

ఉక్రోషం తన్నుకొచ్చింది. మొత్తం చెప్పేద్దామని నోరు తెరిచాను. పునుగులు నూనెలో పైకి తేలుతున్నాయి. ఆవిడ వాటిని గరిటెతో ఎత్తి, నూనె ఓడ్చి, నాలుగు ఎక్కువే వేసి పొట్లం నా చేతిలో పెట్టింది.

"బాధపడకండి. నే చెప్పేదేంటంటే, మద్దెలో మీలాంటోళ్లు లేకపోతేనే పన్లవుతాయండి" అంది.

"మరేనమ్మా" అన్నాను.